పదివేల డాలర్ల పోర్షే: లక్ష మైళ్ళు దాటిన బాక్స్‌టర్ కొనాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి

అమెరికా వచ్చి కామ్రీయో అకార్డో నడుపుకుంటున్న మనవాళ్ళలో కొందరికి ఏదో ఒక రాత్రి పదకొండింటికి ఫోన్‌లో ఇలాంటి ప్రకటన తగులుతుంది. 2001 పోర్షే బాక్స్‌టర్, వెండి రంగు, 1,18,000 మైళ్ళు, 9,500 డాలర్లు. కొత్తగా ఉన్నప్పుడు నలభై వేల పైమాటే పలికిన కారు ఇప్పుడు పాత కామ్రీ ధరకి దొరుకుతోంది. ఇక నిద్ర పట్టదు.

ఇంత చవకగా ఎందుకు వస్తోంది? ఒకటి, వయసు. రెండు, ముందు దీపాలు. పగలగొట్టి పెనం మీద వేసిన గుడ్డులా ఉన్నాయని అప్పట్లోనే వెక్కిరించారు. మూడు, ఇంజన్‌లో ఒక బేరింగ్. ఆ పేరు చెబితే కొనడానికి వచ్చినవాళ్ళలో సగం మంది వెనక్కి తిరుగుతారు. భయపడాల్సిందే, కానీ ఎంతవరకో తెలుసుకుని భయపడాలి.

నేను చెప్పేది 986 అనే మొదటి తరం బాక్స్‌టర్ గురించి. అమెరికాలో 1997 నుంచి 2004 దాకా వచ్చిన మోడళ్ళు. వేరే పాత స్పోర్ట్స్ కారు మీద మనసుపడినా చూసే పద్ధతి ఇదే, జబ్బులు మాత్రం వేరుగా ఉంటాయి.

కారు చూడక ముందు ఇంట్లో కూర్చుని

ముందు కారుని కాదు, మీ ఇంటిని చూసుకోండి. ఇందులో సీట్లు రెండే, వెనక సీటు లేదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది మీ రెండో కారో మూడో కారో అవ్వాలి తప్ప ఉన్న ఒక్క కారూ కాకూడదు. పిల్లల్లేకపోయినా అంతే. పార్ట్ రావడానికి వారం పడుతుంది, ఆ వారం మీరు ఆఫీసుకి వెళ్ళాలి కదా.

తర్వాత, ఈ డబ్బు మొత్తం పోయినా ఇంటి అద్దె, ఊరికి పంపే డబ్బు ఆగకుండా సాగుతాయా? వీసా రెన్యువల్ టెన్షన్ నడుస్తున్నప్పుడు పాత పోర్షే కొనడం కొరివితో తల గోక్కోవడమే. తిరిగి వెళ్ళిపోవాల్సి వస్తే దీన్ని ఇండియాకి తీసుకుపోదాం అనే ఆలోచన ఉంటే ఇప్పుడే వదులుకోండి. మూడేళ్ళకు మించిన పాత కారుని, ఎడమవైపు స్టీరింగ్ ఉన్నదాన్ని అక్కడికి దిగుమతి చేసుకోనివ్వరు.

ఇన్సూరెన్స్ కొటేషన్ కూడా ఇప్పుడే తీసుకోండి. ప్రకటనలో విన్ నంబర్ (ఆ ఒక్క కారుకే ఉండే గుర్తింపు నంబరు) ఉంటే అది ఇచ్చి అడిగితే పావుగంటలో తేలిపోతుంది. కొన్నాక అడిగితే ఎంత చెబితే అంత కట్టాలి.

కాగితం మీద అసలు ధర

చింత చచ్చినా పులుపు చావదు. కారు ధర పడిపోయింది గానీ పార్ట్స్ ధర, లేబర్ ధర పోర్షేవే. ఇంజన్ ఆయిల్ మారిస్తేనే తెలుస్తుంది, మామూలు కారుకి నాలుగైదు క్వార్ట్లు సరిపోతే దీనికి దాదాపు 9 కావాలి.

పై ప్రకటననే తీసుకుని లెక్క వేద్దాం. కారు 9,500. క్లచ్, దాంతోపాటే ఆ బేరింగ్, వెనక ఆయిల్ సీల్ కలిపి విడి షాపులో (అంటే పోర్షే డీలరు కాని మెకానిక్ దగ్గర) సుమారు 3,500. వాటర్ పంప్, థర్మోస్టాట్, కూలెంట్ ట్యాంక్ 1,500. ఎయిర్ ఆయిల్ సెపరేటర్ అనే చిన్న ప్లాస్టిక్ భాగం, లేబర్‌తో 600. నాలుగు టైర్లు 900. మొత్తం 16,000. మీ ఊరి లేబర్ రేటుని బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి, వరస మాత్రం ఇదే.

అదే వారం ఇంకొకాయన అలాంటి కారునే 13,000కి పెట్టి, ఇవన్నీ రెండేళ్ళలో చేయించాను, ఇవిగో బిల్లులు అన్నాడనుకోండి. మీ స్నేహితులు 9,500ది బేరం అంటారు. నన్నడిగితే 13,000దే చవక. ఓడోమీటర్ మీద 1,40,000 ఉన్నా అదే చవక. ఈ వయసు కారులో మీరు కొనేది మైళ్ళని కాదు, పాత ఓనరు చేయించినవాటిని, చేయించకుండా వాయిదా వేసినవాటిని.

పై పద్దులో పెట్టిన మరమ్మతు డబ్బు ఇప్పుడు చేతిలో లేకపోతే ఇక్కడితో ఆగిపోండి. కారు డబ్బు మాత్రమే ఉండి కారు కొనడం అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడు అన్నట్టుంటుంది.

ఆ బేరింగ్ సంగతి

ఇంజన్ లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటి ఉంటుంది. అందరూ ఐఎంఎస్ అంటారు. క్రాంక్ షాఫ్ట్ తిరుగుడుని తీసుకుని కామ్ షాఫ్ట్‌లకి అందించే మధ్యవర్తి అది. దాని ఒక కొస గేర్‌బాక్స్ వైపు ఒక సీల్డ్ బాల్ బేరింగ్ మీద కూర్చుంటుంది. కాలం గడిచేకొద్దీ సీల్ చెడి, లోపలి గ్రీజు ఇంజన్ ఆయిల్‌లో కొట్టుకుపోతుంది. మురికి ఆయిల్ లోపలికి చేరుతుంది. బేరింగ్ విరిగిందంటే వాల్వ్‌ల టైమింగ్ తప్పుతుంది, పిస్టన్లు వచ్చి వాల్వ్‌లని కొడతాయి. ఇంజన్ అక్కడికక్కడే పోతుంది. కొత్త ఇంజన్ వేయించాలంటే కారు ఖరీదు కంటే ఎక్కువ.

మొదట్లో వచ్చిన కార్లలో రెండు వరసల బాల్స్ ఉన్న బేరింగ్, తర్వాతవాటిలో ఒకే వరసది వాడారు. 2000 మోడల్‌లో రెండు రకాలూ ఉన్నాయి, గేర్‌బాక్స్ దించి చూస్తే గానీ తెలియదు. పేరుపడ్డ జబ్బు ఒకే వరసదానిదే. 2001 నుంచి 2005 మోడళ్ళ విషయమై అమెరికాలో క్లాస్ యాక్షన్ కేసు కూడా నడిచి 2013లో సెటిల్ అయింది. ఒకే వరస బేరింగుల్లో నూటికి ఎనిమిది దాకా, రెండు వరసలవాటిలో ఒకటి దాకా పోతాయన్న లెక్క ఆ కేసు తర్వాతే బాగా ప్రచారంలోకి వచ్చింది. నూటికి తొంభై పైన బాగానే ఉంటాయని దాని అర్థం. ఆ ఎనిమిదిలో మీరుంటే మాత్రం మీకు నూటికి నూరు.

ఈ తరం కార్లలో ఇంజన్ దించకుండానే, గేర్‌బాక్స్ విప్పితే ఆ బేరింగ్ మార్చవచ్చు. క్లచ్ మార్చడానికి ఎలాగూ గేర్‌బాక్స్ దించాలి కాబట్టి తెలిసినవాళ్ళు రెండూ ఒకేసారి చేయిస్తారు. అందుకే ఫోన్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న "బేరింగ్ మార్చారా?" కాదు. "క్లచ్ ఎప్పుడు మార్చారు, ఆ బిల్లు పంపగలరా?" అని అడగండి. క్లచ్ బిల్లులో బేరింగ్ ప్రస్తావన లేకపోతే మార్చలేదన్నమాటే. మార్చి ఉంటే ఏ కంపెనీ బేరింగ్, ఎన్ని మైళ్ళ దగ్గర అని అడగండి. మార్చినదీ శాశ్వతం కాదు, దానికీ తయారీదారు చెప్పిన గడువు ఉంటుంది.

ఇక్కడే ఎక్కువ మైళ్ళ కారు కొంత నయం. రోజూ నడుస్తూ, ఆయిల్ సకాలంలో మారుతూ లక్ష దాటిన ఇంజన్ తన గట్టితనం చూపించుకున్నట్టే. ఇరవై ఏళ్ళలో 38,000 మైళ్ళే తిరిగి గ్యారేజ్‌లో దుప్పటి కింద పడుకున్న కారుని చూసి మురిసిపోకండి. కదలకుండా పడి ఉంటే సీళ్ళు ఎండిపోతాయి, ఆయిల్‌లో తేమ చేరుతుంది. అన్నట్టు, మన దగ్గర మైలేజీ అంటే లీటరుకి ఎంత ఇస్తుందని. ఇక్కడ ప్రకటనలో హై మైలేజ్ అని ఉంటే బాగా తిరిగిన కారు అని అర్థం. ఇంటికి ఫోన్ చేసి "నాన్నా, హై మైలేజ్ పోర్షే కొంటున్నా" అంటే ఆయన సంతోషిస్తారు, కానీ వేరే కారణానికి.

ఏ సంవత్సరం

దీని మీద మరీ బుర్ర బద్దలు కొట్టుకోకండి. 1997 నుంచి 1999 దాకా ఇంజన్ 2.5 లీటర్లు. 2000 నుంచి మామూలు మోడల్‌కి 2.7, ఎస్ మోడల్‌కి 3.2. మాన్యువల్ అయితే ఎస్‌కి ఆరు గేర్లు, మామూలుదానికి ఐదు. 2003 నుంచి టాప్ వెనక కిటికీకి ప్లాస్టిక్ బదులు గాజు పెట్టారు. పాత ప్లాస్టిక్ మసకబారుతుంది, చలికాలంలో మడిస్తే పగులుతుంది. షికాగో, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉంటే గాజుదే చూడండి.

విన్‌లో పదకొండో అక్షరం యు అయితే ఆ కారు ఫిన్లాండ్‌లోని ఉసికౌపుంకిలో తయారైంది. ఎస్ అయితే స్టుట్‌గార్ట్‌లో. అమ్మేవాడు దీని గురించి పెద్ద కథ చెప్పినా ధరలో ఒక్క డాలర్ కలపకండి.

కాగితాలు

కార్‌ఫాక్స్ లాంటి హిస్టరీ రిపోర్ట్ తీయించండి, కానీ అదే వేదం అనుకోకండి. ఇన్సూరెన్స్‌కి చెప్పకుండా బాగు చేయించిన యాక్సిడెంట్ అందులోకి రాదు. టైటిల్ (యాజమాన్యం కాగితం) క్లీనా, శాల్వేజా (ఇక పనికిరాదని ఇన్సూరెన్స్ వదిలేసిందా), రీబిల్టా (అలాంటిదాన్ని బాగు చేశారా) అన్నది మాత్రం ఖాయంగా చూడండి. వరదలో మునిగిన కారు ఒక రాష్ట్రంలో శాల్వేజ్ అయి, రెండు రాష్ట్రాలు దాటి శుభ్రంగా కనబడొచ్చు. అందుకే రిపోర్టులో ఏ ఏడు ఏ రాష్ట్రంలో రిజిస్టర్ అయిందో వరసగా చదవండి.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి. 2010, అంతకు ముందు మోడళ్ళ విషయంలో అమ్మేటప్పుడు ఓడోమీటర్ రీడింగ్ రాసి ఇవ్వాల్సిన ఫెడరల్ నిబంధన కారుకి పదేళ్ళు నిండాక వర్తించదు. ఈ బాక్స్‌టర్లన్నీ అందులోకే వస్తాయి. టైటిల్ మీద "మినహాయింపు" అని ఉంటే చట్టం లెక్కలో ఆ మైళ్ళకి పూచీ ఎవరూ లేనట్టే. కాబట్టి పాత ఆయిల్ బిల్లులు, స్మాగ్ (పొగ కాలుష్యం) పరీక్షల కాగితాలు ముందేసుకుని తేదీ, మైళ్ళు పక్కపక్కన రాసుకోండి. అంకె క్రమంగా పెరగాలి. మధ్యలో మూడేళ్ళ ఖాళీ ఉంటే ఎందుకని అడగండి.

కారు దగ్గరికి వెళ్ళాక

"నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందు రోజే చెప్పండి. నేను చూడబోయిన మూడో కారు దగ్గర ఓనరు నవ్వుతూ ఎదురొచ్చి, "మీకోసం వేడిచేసి ఉంచా" అన్నాడు. ఊరంతా చలి, సైలెన్సర్ మాత్రం వేడిగా ఉంది. కాఫీ తాగి వచ్చేశాను. చల్లటి ఇంజన్ చెప్పే నిజం వేడి ఇంజన్ చెప్పదు.

ముందు మూత ఎత్తి ఇంజన్ కోసం వెతక్కండి. అక్కడ బ్యాటరీ, స్పేర్ టైర్ ఉంటాయి. ఇంజన్ మీ సీటు వెనక దాక్కుని ఉంటుంది, మామూలుగా పైనుంచి కనబడదు. వెనక ట్రంక్‌లో ఆయిల్ మూత, కూలెంట్ మూత ఉంటాయి. ఆ కూలెంట్ ట్యాంక్ పగలడం ఈ కార్లలో మామూలే. ట్రంక్ కార్పెట్ ఎత్తి చేత్తో తడమండి. తడిగా ఉన్నా, తియ్యటి వాసన వచ్చినా దొరికిపోయినట్టే.

తర్వాత డ్రైవర్ సీటు కింద కార్పెట్ నొక్కి చూడండి. టాప్ మడత కింద రెండు వైపులా వాన నీళ్ళు పోయే గొట్టాలుంటాయి. ఆకులు పేరుకుని అవి మూసుకుపోతే నీళ్ళు లోపలికి దిగుతాయి. ఇంజన్‌ని స్టార్ట్ అవనిచ్చే ఇమ్మొబిలైజర్ మాడ్యూల్ సరిగ్గా ఆ సీటు కిందే ఉంది. అది తడిస్తే కారు కదలదు, బిల్లు వెయ్యికి తగ్గదు. కార్పెట్ పొడిగా ఉన్నా ముక్క వాసన కొడితే అనుమానించండి.

ముందు బంపర్ నోళ్ళలోకి టార్చి వేయండి. రేడియేటర్లు, ఏసీ కండెన్సర్లు అక్కడే ఉంటాయి. ఏళ్ళ తరబడి ఎండుటాకులు చేరి కుళ్ళి వాటిని తినేస్తాయి. అక్కడ దోసెడు చెత్త కనిపించిందంటే ఆ ఓనరు మిగతా పనులు ఎంత శ్రద్ధగా చేయించి ఉంటాడో మీకే అర్థమవుతుంది.

టైర్ పక్కన డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2318 అంటే 2018లో 23వ వారం. గాడులు లోతుగా ఉన్నా టైరు ముసలిదే. తాళంచెవులు రెండూ ఉన్నాయా అడగండి. కొత్త కీ అంటే కొన్ని వందల డాలర్లు.

ఇప్పుడు స్టార్ట్ చేయమనండి, మీరు కారు వెనక నిలబడండి. సిలిండర్లు పడుకుని ఉండే ఇంజన్ కాబట్టి మొదట్లో చిన్న పొగ తెర రావడం మామూలే. అర నిమిషం తర్వాత కూడా భోగి మంటలా తెల్లగా కమ్ముతుంటే ఆ ఎయిర్ ఆయిల్ సెపరేటర్ పోయినట్టు.

నడిపి చూడటం

కనీసం అరగంట నడపండి, అందులో పది నిమిషాలు ఫ్రీవే మీద. క్లచ్ పెడల్ మరీ బరువుగా ఉందంటే అరిగిపోతోందని. రెండో గేర్‌లో గట్టిగా లాగి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదలండి, గేర్ దానంతటదే బయటికొచ్చేస్తే గేర్‌బాక్స్ పని ఉంది. ఉష్ణోగ్రత సూది ఎక్కాల్సినంత ఎక్కి ఒకచోట నిలబడాలి. స్పీడ్ బ్రేకర్ మీద సస్పెన్షన్ టకటకలాడితే అది ప్రాణం మీదకి వచ్చేది కాదు, బేరానికి మాత్రం పనికొస్తుంది.

పాట పెట్టకండి. అమ్మేవాడు మాటల్లో పెట్టినా ఊ కొట్టి ఊరుకోండి.

టాప్ తెరుచుకుని, ఆ ఇంజన్ మీ వీపు వెనక ఐదు వేల ఆర్‌పీఎం దాటినప్పుడు వచ్చే శబ్దం విన్నాక మీ బుద్ధి మీ చేతిలో ఉండదు. నాకూ ఉండలేదు. అందుకే ఆ రోజు డబ్బు ఇవ్వకూడదని ముందే నిర్ణయించుకుని వెళ్ళండి.

తిరిగి ఇంటికి బయల్దేరే ముందు, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే ఇరవై డాలర్ల ఓబీడీ స్కానర్ తగిలించండి. కోడ్‌లు లేకపోవడం ఒక్కటే చూస్తే సరిపోదు. కారు తనంతట తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పే రెడీనెస్ మానిటర్లు "నాట్ రెడీ" అంటుంటే ఎవరో నిన్నో మొన్నో కోడ్‌లు చెరిపేశారు, లేదా బ్యాటరీ తీశారు. రెండిట్లో ఏదో అడిగి తెలుసుకోండి.

మెకానిక్ చేత చూపించడం

ఇది వదిలేస్తే పైన చెప్పినదంతా వృథా. కొనే ముందు చేసే తనిఖీని ఇక్కడ పీపీఐ అంటారు, 200 నుంచి 400 డాలర్లు అవుతుంది. పాత పోర్షేలు రోజూ చూసే విడి షాపుకే తీసుకెళ్ళండి. అమ్మేవాడు తెలిసిన మెకానిక్ ఉన్నాడు అంటే థాంక్స్ చెప్పి వేరే షాపు చూసుకోండి. తనిఖీకే ఒప్పుకోకపోతే ఇంకేం అడగక్కర్లేదు, వచ్చేయండి.

షాపువాళ్ళని మూడు పనులు ప్రత్యేకంగా అడగండి. మొదటిది, లిఫ్ట్ మీద ఎత్తాక ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఆయిల్ తడి ఉందా. కాస్త చెమ్మ ఉంటే వెనక సీల్ కావచ్చు, బొట్లు కారుతుంటే ఆలోచించాలి.

రెండోది, పోర్షే కంప్యూటర్‌ని చదవగల స్కానర్‌తో ఇంజన్ గంటలు, ఓవర్ రెవ్ లెక్కలు తీయించండి. మైళ్ళని గంటలతో భాగిస్తే సగటు వేగం వస్తుంది. 1,18,000 మైళ్ళకి 3,900 గంటలుంటే గంటకి ముప్పై, నమ్మేలా ఉంది. అదే యాభై ఐదు, అరవై వస్తే హైవే మీదే బతికిన కారై ఉండాలి. పన్నెండు, పదిహేను వస్తే ఓడోమీటర్ మీదే అనుమానం. ఓవర్ రెవ్ అంటే నాలుగులోకి వేయబోయి రెండులోకి వేసినప్పుడు ఇంజన్ హద్దు దాటి తిరగడం. ఎప్పుడు జరిగిందో గంటల్లో నమోదై ఉంటుంది.

మూడోది, ఆయిల్ ఫిల్టర్. ప్లాస్టిక్ గిన్నెలో కాగితం ఫిల్టర్ ఉంటుంది, విప్పడం తేలిక. "ఆయిల్ మార్పు ఖర్చు నేనే పెట్టుకుంటా, ఫిల్టర్ తీసి చూద్దాం" అని అమ్మేవాడిని అడగండి. కాగితం మడతలు విప్పి వెలుతురులో పెట్టాలి. అయస్కాంతానికి అంటుకునే మెరుపు రజను ఉక్కుది, బేరింగ్ నుంచి వచ్చి ఉండొచ్చు. అది కనబడితే ధర సగానికి తగ్గించినా నేను కొనను. గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలు గొలుసు గైడ్‌లవి, అంత భయంకరం కాదు గానీ మెకానిక్‌ని అడగాలి.

బేరం

రిపోర్టు చేతికొచ్చాక మొదటి రోజు వేసిన లెక్క మళ్ళీ తీయండి. చేయించినవి కొట్టేయండి, చేయించాల్సినవి ఉంచండి. ఆ మొత్తానికి అడిగే ధర కలపండి. అన్నీ చేయించి బిల్లులతో అమ్ముతున్న కారు ధర దాటిందంటే, తేడా తగ్గించమని అడగండి, రిపోర్టు చూపిస్తూనే. తగ్గించకపోతే ఈ కార్లు వేలల్లో తిరుగుతున్నాయి, ఇంకోటి వస్తుంది. "ఇంత దూరం వచ్చాం కదా, తనిఖీకి మూడొందలు పెట్టాం కదా" అన్న మాట మనసులోకి రానివ్వకండి. ఆ మూడొందలు మిమ్మల్ని ఆపినందుకు ఇచ్చిన ఫీజు.

కొనాలనే తేలితే డబ్బు చేతులు మారేది అమ్మేవాడి బ్యాంకులో అయితే మంచిది. టైటిల్ మీద లోన్ ఇచ్చినవాళ్ళ పేరు ఉంటే, అది తీర్చిన కాగితం చూడందే క్యాషియర్స్ చెక్ ఇవ్వకండి. టైటిల్ మీద, కారు ముందు అద్దం కింద, తలుపు మీద ఉన్న విన్ నంబర్లు మూడూ ఒకటేనా అని అక్షరం అక్షరం పోల్చండి. కాలిఫోర్నియాలో అయితే స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అమ్మేవాడే.

ఇంటికి తెచ్చాక మొదటి వారంలో బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్ మార్పించండి. ఆ వాన నీళ్ళ గొట్టాలు శుభ్రం చేయించండి. బిల్లులన్నీ ఒక ఫైల్‌లో పెట్టండి, రేపు మీరు అమ్మేటప్పుడు వచ్చేవాడు కూడా ఇవే ప్రశ్నలు అడుగుతాడు. గుడికి తీసుకెళ్ళి వాహన పూజ చేయిస్తారు ఎలాగూ. అప్పుడు వెనక టైర్ల కింద కాస్త పెద్ద నిమ్మకాయలు పెట్టండి, అవి ముందు టైర్ల కంటే బాగా వెడల్పు.